విశ్రాంతి గదికి నా సంతకం

ఆ వేసవి మొదట్లో నా చెల్లెలు రమామణిని గురించి ముప్పై నాలుగు పుటల పత్రం ఒకటి తయారుచేశాను. ఆమెను చేర్చబోయే మానసిక వైద్యశాల వారు అడిగింది ఒక పుట మాత్రమే. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడారు, కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటుంది, అంతే. కానీ ఇరవై మూడేళ్లు తిరుపతిలో ఒక గ్రంథాలయంలో తాళపత్రాలకు సూచికలు రాసి బతికినవాడికి ఒక పుటలో ఏదీ ఇమడదు. ఏడేళ్లలో ఆమె చేసిన ప్రతి అలజడికీ ఒక వరుస కేటాయించాను. తేదీ, వేళ, చేసిన పని, జరిగిన నష్టం, కారణం. మొత్తం నలభై ఒక్క వరుసలు. కారణం గడిలో నలభై ఒక్కసార్లూ ఒకే మాట రాశాను: లేదు.

ఇంట్లో మేమిద్దరమే. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో, కింద రెండు గదులు, మేడమీద ఒకటి. నాకు యాభై రెండు, ఆమెకు నలభై నాలుగు. ఆమె బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పేది. ఏడేళ్ల కిందట మానేసింది. నాలుగేళ్ల కిందట నేను ఉద్యోగం వదులుకుని, సూచికల పని ఇంటికే తెచ్చుకుని, ఆమెతో ఉండిపోయాను. మనుషులతో నాకు అవసరం తక్కువ కనుక దాన్ని త్యాగమని చెప్పుకోను. చైత్రమాసంలో ఒక మధ్యాహ్నం ఆమె విసిరిన ఇత్తడి చెంబు నా కనుబొమ పైన తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తరువాత పదకొండు రోజులు నా గది తలుపుకు పుస్తకాల బల్ల అడ్డం జరుపుకుని పడుకున్నాను. పన్నెండో రోజున, వడమాలపేట దాటాక పుత్తూరు దారిలో ఉన్న ఒక ప్రైవేటు వైద్యశాలలో ఆమెను చేర్చాను.

చేర్చేటప్పుడు ఆరు కాగితాల మీద సంతకం అడిగారు. అచ్చయిన ప్రతి అక్షరం చదివే అలవాటు నాది. ఐదో కాగితంలో, 'రోగి అదుపు తప్పిన పక్షంలో విశ్రాంతి గదిలో ఉంచుటకు నాకు అభ్యంతరము లేదు' అని ఉంది. విశ్రాంతి గది అంటే ఏమిటని అడిగాను. ఆడ పెడితే నెమ్మదిస్తారు సార్, అంతే అన్నాడు కౌంటరులో అతను. అతను దాచిందేమీ లేదు. నాకు అర్థం కానిదీ ఏమీ లేదు. సంతకం పెట్టాను.

బుధవారం, ఆదివారం, మూడింటి నుంచి ఐదింటి దాకా చూడనిచ్చేవారు. మొదటి బుధవారం నేను వెళ్లేసరికి ఆమె వార్డులో లేదు. ఢిల్లీబాబు అనే సహాయకుడు నన్ను నడవ చివరికి తీసుకుపోయాడు. అక్కడ ఒక ఇనుప తలుపు. పైన నీలిరంగులో చక్కని దస్తూరితో 'విశ్రాంతి గది' అని రాసి ఉంది. బయటి వైపు బొటనవేలంత లావు గడియ, దానికి తాళం. అరచేతి వెడల్పున ఒక కంత. నేను పది అడుగుల దూరంలోనే ఆగిపోయాను. లోపల రమ పంతొమ్మిదో ఎక్కం చెప్పుకుంటోంది. సగం దాకా వచ్చి, ఏదో తప్పినట్టు మళ్లీ మొదటికి పోతోంది.

ఆ తలుపు మందం చూసి నా ప్రాణం కుదుటపడింది. ఈ వాక్యం రాయకుండా మిగిలినదంతా రాస్తే అది అబద్ధమవుతుంది.

ఢిల్లీబాబు చొక్కా చెయ్యి పైకి మడిచి నాకు చూపించాడు. "సూడండి సామీ, మీ చెల్లెలి పంటిగాటు. ఇది ఆసుపత్రి గాటేనని మా ఇంటామెను నమ్మించేతలికి నాకు రెండు దినాలు పట్టింది."

నేను క్షమాపణ చెప్పబోయాను. అతను చెయ్యి ఊపేసి, ఈ వారంలో ఆమెను అక్కడ పెట్టడం ఇది మూడోసారి అనీ, గంటో రెండు గంటలో ఉంచి తీస్తామనీ, తీసేటప్పుడు ముగ్గురు మనుషులు కావాల్సి వస్తోందనీ చెప్పాడు. తీసేటప్పుడు అన్న మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. తిరుగు బస్సులో రేణిగుంట దాటేదాకా దాన్నే నలుపుకుంటూ కూర్చున్నాను.

తరువాతి ఆదివారం నర్సుల పెద్దగా కొత్తగా వచ్చిన ఆదిలక్ష్మమ్మ నన్ను తన బల్ల దగ్గరికి పిలిపించింది. పలమనేరు మనిషి. ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసి, పదవీ విరమణ అయ్యాక ఇక్కడికి వచ్చింది. ఆమె ముందు నా ముప్పై నాలుగు పుటలు ఉన్నాయి. అంచుల్లో పెన్సిలు గుర్తులు.

అంతా చదివానని, మూడు రోజులు పట్టిందని చెప్పింది. నాకు లోలోపల కాస్త గర్వం కలిగింది.

"నష్టం గడిలో పగిలిన గ్లాసు గూడా రాసినారు సామీ. అది ఎన్ని ఔన్సులదో గూడా రాసినారు. కారణం గడి మాత్రం నలభై ఒక్కసార్లు ఖాళీ."

"ఖాళీ కాదమ్మా. లేదని రాశాను."

"రెండూ ఒకటే. ఊరికే ఎవురూ చెంబు ఇసరరు. దానికి ముందు గంటలో ఏం జరిగింది?"

ఆ ముందు గంట అనేది ఆమె పెట్టిన పద్ధతి. విశ్రాంతి గది గడియ వేసిన ప్రతిసారీ, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా, డాక్టరు దగ్గరి నుంచి ఊడ్చేవాళ్ల దాకా, అంతకు ముందు గంటలో తాము చూసింది, తాము చేసింది ఒక నోటుపుస్తకంలో రాయాలి. గది తెరిచాక రోగిని కూడా కూర్చోబెట్టి అడగాలి. పదో తరగతి పరీక్షలో కూడా ఇంత రాయలేదని ఢిల్లీబాబు గొణిగేవాడట. అయినా రాశాడు. ఆమె ఆ పుస్తకం తిప్పి పంటిగాటు నాటి పుట చూపించింది. పొద్దున ఆరింటికి మాత్ర ఇవ్వడానికి పోయినాను, ఆయమ్మ స్నానం చేసి తల తుడుచుకుంటా ఉండింది, మాత్ర వద్దని వెనక్కి పోయింది, మణికట్టు పట్టుకున్నాను, అని ఉంది.

"మడి కట్టుకున్న మనిషిని పూజ కాకముందే పట్టుకుంటే కరవక ముద్దు పెడుతుందా అని వాణ్ణి అడిగినాను," అంది ఆదిలక్ష్మమ్మ. "మాకు సెప్పాల్సింది మీరు గదా సామీ."

నా ముప్పై నాలుగు పుటల్లో మడి అన్న మాట లేదు. మా ఇంట్లో అది గాలి వంటిది. గాలిని ఎవరూ సూచికలో చేర్చరు. ఏడేళ్ల అలజడులకు వేళలు నిమిషాలతో సహా రాసినవాణ్ణి, స్నానానికీ పూజకూ మధ్య ఆమెను ఎవరూ తాకరాదని రాయడం మరిచాను. ఆ ఒక్క వాక్యం లేని పాపానికి ఆమె మూడుసార్లు ఇనుప తలుపు వెనక కూర్చుంది. మాత్రల వేళ ఎనిమిదింటికి మార్చారు. ఆ తరువాత ఎవరినీ కరవలేదు.

ఆదిలక్ష్మమ్మ ఐదో కాగితం కూడా తీసి నా ముందు పెట్టింది. మనిషిని ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయకూడదని రెండు వేల పదిహేడు మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందని, చట్టం పుస్తకంలో ఉంది, గది ఇక్కడ ఉంది అని చెప్పింది. నా సంతకానికి ఆ తాళం వేయించే హక్కు లేదు. అయినా అది ఉన్నంత కాలం ఎవరైనా దాన్నే చూపిస్తారు. కాబట్టి రద్దు చేస్తున్నానని ఒక ముక్క రాసివ్వమంది. ఆలోచించి చెబుతానన్నాను.

"సరే సామీ. ముందు గంట సంగతి?"

గుర్తులేదన్నాను. గ్లాసు ఔన్సులు గుర్తున్న మనిషి ఆ మాట అన్నందుకు ఆమె నవ్వలేదు, నా ముఖంలోకి చూడనూ లేదు. పుటలు సర్ది సొరుగులో పెట్టుకుంది.

గుర్తుంది. రమ నిద్ర లేకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, గోడతో వాదిస్తున్నట్టు గట్టిగా మాట్లాడే రోజుల్లో నాకు భయం వేసేది. అప్పుడు మేడమీది గదికి బయటి నుంచి గొళ్లెం పెట్టేవాణ్ణి. మొదట అరగంట. తరువాత నా పని ముగిసేదాకా. కిందటి సంవత్సరం నుంచి, భోజనం లోపల పెట్టి, పూర్తి మధ్యాహ్నాలు. నా పట్టికలోని నలభై ఒక్క అలజడులూ నేను తలుపు తీసిన క్షణంలో జరిగినవే. చెంబుతో సహా.

ఈ సంగతి చెబితే నన్నేం చేస్తారోనని భయం. చెప్పకపోతే, కారణం లేకుండా మీదపడే మనిషిగానే వాళ్లు ఆమెను చూస్తారు, ఆ గడియ మళ్లీ పడుతుంది. అది నాకు తెలుసు. దాని వెనక మరో భయం కూడా ఉంది. నిజం తెలిస్తే ఆమె ప్రమాదకరమైన మనిషి కాదని తేలిపోతుంది. అప్పుడు ఇంటికి పంపేస్తారు. ఈ మూడింటిలో ఏది పెద్దదో తేల్చుకోలేక వరసగా రెండు వారాలు సందర్శకుల బెంచీ మీద కూర్చుని వచ్చాను. రమ నాకు ఎదురుగా కూర్చునేది. నా పని ఎంతవరకు వచ్చిందని అడిగేది, వార్డులో ఇడ్లీ గట్టిగా ఉంటోందనేది. నేను ప్రతిసారీ తలుపుకు దగ్గరగా ఉన్న చివర ఎంచుకునేవాణ్ణి.

"ఆ మూల ఉక్కగా లేదా అణ్ణా? ఫ్యాను ఇటువైపు కదా ఉంది," అంది ఒకరోజు. ఆమె ముఖంలో వెటకారం ఉందో లేదో నేను కనిపెట్టలేకపోయాను.

కత్తిరి ఎండలు ముదిరిన మూడో ఆదివారం మధ్యాహ్నం నేను బస్సు దిగేసరికి పుత్తూరు కొండల మీద నల్లగా కమ్ముకుంది. గేటు దాటేలోపే గాలివాన అందుకుంది. పక్క తోటలో మామిడికాయలు టపటపా రాలుతున్నాయి. కరెంటు పోయింది. ఆడవాళ్ల వార్డులోకి అడుగుపెట్టేసరికి లోపల ఏదో బద్దలవుతున్న చప్పుడు వినిపించింది, ఆ మీదట రమ గొంతు. అది మాట కాదు. ఆ గొంతు నేను నలభై ఒక్కసార్లు విన్నాను. నా కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. గాలివాన కనుక బయటికి పోలేక నిలబడ్డాను, ధైర్యంతో కాదు.

నడవలో, స్నానాల గది ముందు, రమ నిలబడి ఉంది. తడి జుట్టు ముఖం మీద. కుడిచేతిలో బకెట్టు నుంచి ఊడదీసిన ఇనుప కమ్మి, ఆ చేతి నుంచే రక్తం కారుతోంది. ఆమెకు ఇటువైపు ఢిల్లీబాబు, మరో ఇద్దరు మగవాళ్లు, దుప్పటి పట్టుకుని. ఢిల్లీబాబు వేలికి తాళంచెవి వేలాడుతోంది. ఆయా భారతమ్మ గోడకు అతుక్కుని, నేనేమీ అనలేదమ్మా, ఊరికెనే మొదులుపెట్టింది అని ఆదిలక్ష్మమ్మతో చెబుతోంది.

ఆదిలక్ష్మమ్మ ఫోను చెవి దగ్గరి నుంచి దించి నన్ను చూసింది.

"డాక్టరు విశ్రాంతి గది అంటా ఉండాడు. మీ సంతకం ఉండాది కదా అంటాడు. మీరేమంటారు సామీ?"

పెట్టండి అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. దాన్ని ఆపింది కరుణ కాదు. స్నానాల గది తలుపు కింది పలక లోపలి నుంచి తన్నితే బయటికి చీలి ఉంది. పైన, బయటి వైపు, చిలుకు మేకులు ఊడి ఇంకా సగం కొక్కెంలోనే వేలాడుతోంది. అటువంటి దాన్ని నేను చూసిన వెంటనే గుర్తుపడతాను.

ఈ గడియ ఎవరు పెట్టారని అడిగాను. గాలికి తలుపు కొట్టుకుంటా ఉంటే నేనే పెట్టినాను, చీకట్లో లోపల ఎవురుండారని నాకేం తెలుసు అంది భారతమ్మ, ఏడుపు గొంతుతో.

"తలుపు పడినందుకే ఇంతవుతుందా?" అన్నాడు ఢిల్లీబాబు.

"అవుతుంది," అన్నాను. "ఇంట్లో ఆమెను మేడమీద పెట్టి బయటి నుంచి గొళ్లెం పెట్టేవాణ్ణి. ఏడేళ్లుగా. నేను రాసినవన్నీ తలుపు తీసినప్పుడు జరిగినవే."

సూచికలోని వరుస చదివినట్టు చదివాను. ఢిల్లీబాబు తాళంచెవిని జేబులో వేసుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మ నన్నేమీ అడగలేదు. ఆ ఇద్దరు మగవాళ్లను బయటికి పంపింది. నడవలో ఉన్న తలుపులన్నీ బార్లా తీసి ఇటుకలు అడ్డం పెట్టమని ఢిల్లీబాబుకు చెప్పింది. ఇక్కడ తాను తప్ప ఎవరూ మాట్లాడవద్దంది. తరువాత, రమకు నాలుగు బారల దూరంలో, నీళ్లు నిలిచిన నేల మీద చీరతోనే చతికిలబడి కూర్చుంది.

"రమమ్మా, నేను ఆదిలక్ష్మిని. ఈడ్నే కూర్చుంటాను, దగ్గరికి రాను. తలుపులన్నీ తీయించినాను, సూడు. నువ్వు యాడికి పోవాలన్నా పోవచ్చు. తలుపేసింది మాది తప్పు."

రమ కమ్మి వదలలేదు. ఆదిలక్ష్మమ్మ ఇక మాట్లాడలేదు. గోడకు ఆనుకుని నిలబడిన నాకు ఆ నిశ్శబ్దం కేకల కన్నా భయంకరంగా ఉంది. కేకల తరువాత ఏం వస్తుందో నాకు తెలుసు. దీని తరువాత వచ్చేది నేనెన్నడూ చూడలేదు. నా చేతిగడియారం లెక్కన నలభై నిమిషాలు గడిచాయి. మధ్యలో రెండుసార్లు ఆమె కమ్మి పైకెత్తింది. రెండుసార్లూ ఆదిలక్ష్మమ్మ కదలలేదు. అరచేతులు రెండూ ఒడిలో, పైకి తెరిచి, అట్లాగే ఉంచుకుంది. ఆ చేతులు సన్నగా వణకడం నేను చూశాను. ఆమెకూ భయమే.

చివరికి రమ నడిచింది. నేరుగా నా వైపు. నా వెనక వరండాలోకి తలుపు ఉంది. ఆమె ఒక జానెడు దూరంలో నన్ను దాటుకుంటూ పోయింది, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వరండా అంచున, జల్లులో నిలబడి ఉంది. కమ్మిని పిట్టగోడ మీద పెట్టింది, పాఠం అయ్యాక సుద్దముక్క పెట్టినట్టు.

ఆదిలక్ష్మమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, గడప దగ్గర ఆగి అడిగింది. "చేతికి కట్టు కట్టాల. తాకచ్చునా?"

రమ వాన నుంచి ముఖం తిప్పి, ఆ చెయ్యి చాపింది.

"తాకు," అంది.

అయిదు గంటలకు నేను రద్దుపత్రం రాసిచ్చాను. రెండే వాక్యాలు. డాక్టరుతో తానే మాట్లాడతానంది ఆదిలక్ష్మమ్మ. తరువాత నోటుపుస్తకం నా ముందుకు జరిపింది. ఆనాటి ముందు గంట రాయాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. నాది ఒక గంటతో అయ్యేది కాదని చెప్పాను. ఎంతైతే అంత రాయండి, పుస్తకం పెద్దదే అంది.

జ్యేష్ఠం వచ్చింది. తోతాపురి మామిడి లోడుతో లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు వరసకట్టడంతో నా బస్సు ప్రతిసారీ అరగంట ఆలస్యం. ఆ రోజు తరువాత రమను విశ్రాంతి గదిలో పెట్టలేదు. మిగతావాళ్లను పెట్టడం పూర్తిగా ఆగిందని చెప్పలేను. ఒక డాక్టరు ఇంకా దాన్నే అడుగుతాడని, అడిగినప్పుడల్లా ఆదిలక్ష్మమ్మ అతని చేతికి నోటుపుస్తకం ఇస్తుందని ఢిల్లీబాబు చెప్పాడు. సార్ రాత మన రాతకన్నా అన్యాయం సామీ అన్నాడు.

ఇంటికి పంపే మాట వచ్చిన బుధవారం, ఆదిలక్ష్మమ్మ రెండు పుటల కాగితం ఒకటి తెచ్చింది. వెళ్లబోయే ప్రతి రోగితోనూ ఆమె దాన్ని నింపిస్తుంది. ప్రశ్నలు తానే తెలుగులో రాసుకుంది. రమ కుడిచేతి గాయం ఇంకా పూర్తిగా మానలేదు. అణ్ణ రాస్తాడు, అక్షరాలు బాగుంటాయి అంది రమ. నేను కలం తీశాను. బెంచీ మీద ఎటువైపు కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి ఆమె పక్కన కూర్చున్నాను. మా మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది.

మొదటి ప్రశ్న, మీకు భయం వేసేవి ఏవి అని.

రమ లెక్క చెప్పినట్టు తడుముకోకుండా చెప్పింది. చెప్పకుండా తాకడం. ఇద్దరు ఒకేసారి మాట్లాడటం. నేను రాశాను. మూడోదానికి కొంచెం ఆగింది.

"అణ్ణ మెట్లెక్కి వచ్చి, తలుపు బయట ఆగిపోవడం," అంది.

నేను తల ఎత్తలేదు.

"మెట్లు పదిహేను. లెక్కపెట్టుకుంటాను. పదిహేనో మెట్టు అయ్యాక చప్పుడు ఉండదు. గొళ్లెం పడేది తరువాత. దానికన్నా ముందు ఆగిపోతాడు చూడండి, అది."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. నా దస్తూరిలో ఒక్క అక్షరం చెదరలేదు. అది నాకిప్పటికీ వింతగా ఉంటుంది.

రెండో ప్రశ్న, అప్పుడు ఎవరు ఏం చేస్తే మీకు నెమ్మదిస్తుంది అని.

"ఆగకుండా లోపలికి రావాలి," అంది రమ.

ఆదిలక్ష్మమ్మ నా వైపు తిరిగింది. ఆమె గొంతులో నింద లేదు. మాత్రల వేళ అడిగినట్టే అడిగింది. "ఇది మీ పని సామీ. చేయగలరా? చేయలేకుంటే ఇప్పుడే సెప్పండి, ఈమె ఉండేదానికి వేరే ఏర్పాటు సూద్దాం. ఇంటికి పోయేది దీని మీదనే ఉండాది."

చేస్తానని అనడం తేలిక. రాయడం ఇంకా తేలిక. కలం మూత పెట్టాను, తీశాను. రమ నా చేతులనే చూస్తోంది.

"నాకు భయం రమా," అన్నాను కాగితంతో. "నువ్వంటే భయం."



"తెలుసు," అంది రమ. "అది కూడా రాయి."

ఎక్కడ రాయాలని అడిగాను. అది రోగి కాగితం. మరొకరి భయానికి అందులో చోటు లేదు. ఆమె కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, ఎడమచేత్తో తన జవాబు కింద ఒక గీత గీసి నాకు తిరిగి ఇచ్చింది. గీత కాస్త వంకరగా వచ్చింది. దాని మీద నా పేరు రాసి, మొదలుపెట్టాను.